తీరికా, చదునునేలా

వొక మనిషి సైకిలెక్కి, పనేమీ పెట్టుకోకుండా, ఫలానా వేళకు ఫలానా వూరు చేరి తీరాలన్న తొందర లేకుండా, మోటారు బండ్ల రొద వినిపించని దారుల వెంట నాలుగు రోజులు పల్లెలు తిరిగి వచ్చాడనుకుందాం. అతను చేసింది మంచిపనా, చెడ్డపనా? ఇట్లా అడిగితే నవ్వేవాళ్లే యెక్కువ. అతను యెవరి సొమ్మూ తినలేదు, యెవరినీ నొప్పించలేదు, చుక్క పెట్రోలు కాల్చలేదు. పైగా కాళ్లకూ వూపిరికీ కాస్త వ్యాయామం దొరికింది. ఇంతమాత్రం దానికి నీతి విచారణ దేనికి? ఆ నవ్వులో న్యాయం లేకపోలేదు. కాని సుఖం యెవరికీ లెక్క అప్పజెప్పనక్కర లేదనే మాటను మనం యెవరి నోట వింటున్నామో కొంచెం గమనించాలి. లెక్క అడిగే అవకాశం యేనాడూ లేనివాళ్ల నోట ఆ మాట సాధారణంగా వినపడదు. అందుచేత ప్రశ్నను గాలిలో వదిలెయ్యకుండా వొక నేలమీద నిలబెట్టి చూద్దాం. నేను యెంచుకున్న నేల ఇటలీ ఉత్తర భాగంలో పో నది పారే మైదానం. తీరుబడిగా సైకిలు తొక్కడానికి అంత అనువైన సాగుభూమి యూరపులో అరుదు. ఆ తీరుబడి యెక్కణ్ణుంచి వచ్చిందని అడగడానికి కూడా అది అంత అనువైన చోటే.

పో నది ఫ్రాన్సు సరిహద్దు దగ్గరి మోన్‌వీజో కొండ మీద పుట్టి, 652 కిలోమీటర్లు పారి, ఏడ్రియాటిక్ సముద్రంలో కలుస్తుంది. దిగువన ఫెరారా జిల్లాలో నదికి కుడివైపు కరకట్ట మీద, స్తెల్లాత అనే వూరి నుంచి సముద్రం వోరనున్న గొరీనో దాకా, దాదాపు 120 కిలోమీటర్ల సైకిలు దారి వుంది. మెరక లేదు, పల్లం లేదు. యెదురుగాలీ యెండా, ఇవే అక్కడి కొండలు. వొకవైపు పోప్లార్ తోపుల వెనక నది. మరోవైపు, గట్టుకు బాగా దిగువన, గోధుమా, మొక్కజొన్నా, పశువుల మేతగడ్డీ, పియర్ తోటలూ, తాడు పట్టి గీసినట్టు తిన్నగా పోయే కాలువలూ. దూరాన చర్చి గంటగోపురం కనిపిస్తే వూరు వున్నట్టు గుర్తు. అది కనిపించాక కూడా దగ్గర పడటానికి అరగంట పడుతుంది. ఇటుక గోడల పాత కమతపు ఇళ్లు అక్కడొకటి ఇక్కడొకటి. కొన్నింటికి కప్పు కూలి లోపల చెట్లు మొలిచాయి. యెదురుపడే వాహనాలు చాలా తక్కువ. ఫెరారా పట్టణం చుట్టూ సుమారు తొమ్మిది కిలోమీటర్ల పాత కోటగోడ వుంది. దాని మీదా దాని వెంటా సైకిళ్లే. కూరగాయల సంచీ తగిలించుకున్న ముసలామెదీ, చదువుకునే కుర్రవాడిదీ, వుద్యోగస్థుడిదీ అందరిదీ అదే వాహనం.

ఇట్లాంటి దేశంలో కాలినడక మరీ నిదానం. యెంత నడిచినా దృశ్యం మారదు. కారు మరీ తొందర, మైదానమంతా వొకే గీతగా చెరిగిపోతుంది. సైకిలు వేగానికి మాత్రం చదునునేల నోరు విప్పుతుంది. కోసిన గడ్డి వాసన పోయి పేడ వాసన వస్తుంది, అది పోయి కాలువ బురద వాసన వస్తుంది. పొలం యెక్కడ మారిందో చక్రానికి తెలుస్తుంది. ఇది నిజమైన సుఖమే. దీన్ని చిన్నచూపు చూసేవాడితో నాకు వాదం లేదు, వాడి మీద జాలి మాత్రం వుంది.

యీ సుఖం గురించి రెండు తొందరపాటు జవాబులు వున్నాయి. మొదటిది సౌందర్యవాదిది. అందం అందమే, దాని వెనక యెవరు చెమటోడ్చారో తవ్వుకుంటూ పోతే మిగిలేది మట్టి కుప్ప, అంటాడతను. రెండోది కరకు నీతివాదిది. ఆకలీ అన్యాయమూ వున్న లోకంలో పనిలేని తిరుగుడు యేదైనా నేరమే, అంటాడితను. యీ రెండోవాడు మన మధ్య చాలాకాలం గౌరవంగా బతికాడు గనుక అతని సంగతి కాస్త విచారించాలి.

ఇటలీలోనే యీ తగాదా నూరేళ్ల కింద సైకిలు పేరు మీద నడిచింది. 1894లో మిలాన్ నగరంలో 57 మంది సైకిలు విహారులు కలిసి టూరింగ్ క్లబ్బు పెట్టుకున్నారు. ఆనాడు సైకిలు కలిగినవాడి ఆటవస్తువు. 1897లో సర్కారు దాని మీద పన్ను కూడా వేసింది. అందుచేత తొలినాటి సోషలిస్టుల్లో చాలామంది సైకిలు పోటీలనూ విహారాలనూ శ్రామికుణ్ణి దారి తప్పించే సరదాలుగా చూశారు. కాని చూస్తూ వుండగానే ధర తగ్గింది. పొలానికీ ఫ్యాక్టరీకీ పోయే కూలీ దాన్ని యెక్కాడు. 1910ల తొలి యేళ్లలో ఇమోలా పట్టణం కేంద్రంగా 'యెర్ర సైక్లిస్టులు' బయలుదేరి, వూరి నుంచి వూరికి కరపత్రాలు మోశారు, సభలకు జనాన్ని పోగుచేశారు, ఆదివారాల్లో కలిసి విహరించారు కూడా. నిన్న విలాసమని తిట్టినది ఇవాళ ఉద్యమానికి కాళ్లయింది. వస్తువుకు వర్గం లేదని దీనర్థం కాదు. వర్గం వస్తువుకు అంటుకుని పుట్టదు, అది చేతులు మారుతూ వుంటుందని మాత్రమే అర్థం. తీరిక విషయం కూడా అంతే. మార్క్సు అల్లుడు పాల్ లఫార్గ్ 1880లోనే బద్ధకంగా వుండే హక్కు గురించి వొక చిన్న పుస్తకం రాసి, పనిని దేవుడిగా కొలిచే కార్మికుణ్ణి యెగతాళి చేశాడు. మన నీతివాదులు ఆ పుస్తకాన్ని సరదాగా చదివి పక్కన పెట్టారేగాని దానికి జవాబు చెప్పలేదు.

సౌందర్యవాదికి జవాబు వేరే రకంగా చెప్పాలి. అతను కళ్లతో చూసే వస్తువే అతను అనుకుంటున్న వస్తువు కాదని చూపించాలి. అతను మెచ్చుకునే గుణాలు రెండు: ఆ నేల చదునుగా వుండటం, ఆ దారి నిశ్శబ్దంగా వుండటం. రెండూ ప్రకృతి ప్రసాదించినవి కావు.

మొదట చదును సంగతి. పో డెల్టాలో పెద్ద భాగం సముద్రమట్టానికి దిగువన వుంది. అది వొకప్పుడు చిత్తడి. పదహారో శతాబ్దంలో ఫెరారా ప్రభువులు ఎస్తే వంశం వాళ్లు కాలువలు తవ్వించి కొంత భూమిని తేల్చారు గాని నీళ్లు మళ్లీ వచ్చాయి. 1870లలో ఆవిరి పంపులు వచ్చాకనే నీటిని యెత్తిపోసి నేలను నిలబెట్టడం సాధ్యమైంది. పంపు నీటిని తోడుతుంది. కాలువను మాత్రం తవ్వదు, గట్టును కట్టదు. ఆ పని వొంటిచక్రం తోపుడుబండ్ల కూలీలు చేశారు. వాళ్లను అక్కడ 'స్కారియొలాంతి' అంటారు. పారతో మట్టి యెత్తి, బండిలో నింపి, పలకల మీదుగా గట్టు యెక్కించి కుమ్మరించి, మళ్లీ దిగడం, పొద్దు పొడిచింది మొదలు పొద్దు గుంకేదాకా. నేల ఆరిన తర్వాత అది వాళ్లది కాలేదు. పెట్టుబడి పెట్టిన కంపెనీలదీ, పెద్ద భూస్వాములదీ అయింది. తాము ఆరబెట్టిన పొలంలో వాళ్లు దినకూలీలయ్యారు. గట్టుపని వున్నన్నాళ్లు మన్నుతో, అది లేనప్పుడు ఆకలితో యుద్ధం. రవెన్నాలో ఇట్లాంటి కూలీలే 1883లో నుల్లో బల్దీని నాయకత్వాన సహకార సంఘం పెట్టుకుని, దళారీ లేకుండా తామే పనులు వేలంలో పాడుకోవడం మొదలుపెట్టారు. ఆ మరుసటి యేడు, 1884లో, వాళ్లలో కొన్ని వందలమంది రోము నగరానికి ఆనుకున్న ఓస్తియా చిత్తడిని ఆరబెట్టడానికి పోయారు. మలేరియా వాళ్లలో చాలామందిని అక్కడే వుంచేసుకుంది.

మన గోదావరి కాలువగట్ల మీద సైకిలు తొక్కినవాళ్లకు యీ దృశ్యం మరీ కొత్తగా వుండదు. యీ పోలిక నేను వూహించి తెచ్చింది కాదు. ఈస్టిండియా కంపెనీ ఇంజనీరు రిచర్డ్ బేర్డ్ స్మిత్ పీడ్మాంట్, లొంబార్డీ రాష్ట్రాల కాలువలను పరిశీలించి రాసిన నివేదిక 1852లో అచ్చయింది, ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన సంవత్సరంలోనే. అదే మనిషి 1856లో కావేరీ, కృష్ణా, గోదావరి పనుల మీద మరో పుస్తకం ప్రకటించాడు. ఇటలీ కాలువలను చూసిన కళ్లతోనే అతను మన కాలువలను చూశాడు. అతను రెండుచోట్లా లెక్కవేసింది నీరు, భూమి, వచ్చే ఆదాయం. తట్ట మోసినవాళ్లు రెండుచోట్లా లెక్కలో కూలి పద్దు కింద పడ్డారు. కాటన్ దొర విగ్రహానికి దండ వేసే మనవాళ్లలో ఆ తట్ట మోసిన వొక్కరి పేరైనా చెప్పగలవాళ్లు యెవరు?

చదును చెయ్యడమంటే యేమిటో చెప్పడానికి మరొక వుదాహరణ వుంది. రెజ్జో ఎమీలియా దగ్గర గత్తాతికోలో చెర్వి కుటుంబం 1934లో వొక కమతాన్ని కౌలుకు తీసుకుంది. గుంతలూ దిబ్బలూగా వున్న పొలం. అన్నదమ్ములు ఏడుగురూ పంట సంగతి పక్కనపెట్టి ముందు దిబ్బలు తవ్వి గుంతలు పూడ్చటం మొదలుపెడితే ఇరుగుపొరుగు పిచ్చివాళ్లన్నారు. నేల సమమయ్యాక నీరు అంతటా సమంగా పారింది. పంట పెరిగింది, పశువులు పెరిగాయి. 1939లో ఆ అన్నదమ్ముల్లో వొకడైన అల్దో కొత్త ట్రాక్టరు కొని తెస్తూ దాని మీద భూగోళం బొమ్మ వొకటి పెట్టుకుని వచ్చాడు. తమ పొలానికి అవతల వున్న లోకాన్ని కూడా చదవాలన్న కోరిక అది. ఆ ఏడుగురు అన్నదమ్ములనూ ఫాసిస్టులు 1943 డిసెంబరు 28న నిలబెట్టి కాల్చి చంపారు. వాళ్ల ఇల్లు ఇప్పుడు మ్యూజియం. సైకిలు విహారులు అక్కడ ఆగి ట్రాక్టరునూ భూగోళాన్నీ చూస్తారు. చుట్టూ వున్న పొలాన్ని కూడా మ్యూజియం వస్తువుగా చూసేవాళ్లు యెందరో తెలియదు గాని, నిజానికి అక్కడ చూడవలసింది అదే.

తీరిక అన్న మాటకు మూలార్థం వెతకాలంటే ఫెరారా విడిచి, నదికి యెగువన పడమటి దిక్కున వున్న వెర్చెల్లి, నొవారా వరిపొలాలకు పోవాలి. 1863–66 మధ్య తవ్విన కవూర్ కాలువ, యెనభై కిలోమీటర్ల పైచిలుకు పొడవున, ఆ పొలాలకు నీళ్లు తెస్తుంది. వసంతంలో పొలాలన్నీ నీళ్లతో నిండితే ఆ మైదానం వొక అద్దం. ఆ అద్దాన్ని చూడటానికే సైకిళ్ల మీద వస్తారు. వొకప్పుడు ఆ అద్దంలో నడుములు వంచిన ఆడవాళ్లు వరుసలు వరుసలుగా కనిపించేవారు. వాళ్ల పేరు 'మొందీనె', కలుపు తీసేవాళ్లు. మే చివర మొదలై సుమారు నలభై రోజులు పని. ఎమీలియా నుంచీ వెనెతో నుంచీ రైళ్లలో వచ్చేవారు. మోకాళ్ల దాకా నీళ్లలో, వెడల్పు టోపీ పెట్టుకుని, దోమలకు ముఖాన గుడ్డ కట్టుకుని, వెనక నిలబడ్డ పెత్తందారు చూపు కింద వెనకడుగో ముందడుగో వేస్తూ పొద్దంతా వంగి వుండేవారు. నాట్లకూ కలుపుకూ పోయిన మన ఆడకూలీలకు ఆ నడుం నొప్పిని వర్ణించి చెప్పనక్కర లేదు.

యీ ఆడవాళ్లు 1906లో సమ్మె కట్టారు. వాళ్లు అడిగిన ముఖ్యమైన కోరిక యెనిమిది గంటల పని. న్యాయవాది మొదెస్తో కున్యోలియో వాళ్ల పక్షాన కోర్టుల్లోనూ పత్రికలోనూ పోరాడాడు. పోలీసులు వచ్చారు, సైన్యం వచ్చింది. ఆడవాళ్లు దారుల మీద కూచున్నారు. ఆ జూన్ నెలలో వెర్చెల్లి భూస్వాములు యెనిమిది గంటలకు వొప్పుకున్నారు. ఇటలీలో పెద్ద పెద్ద ఫ్యాక్టరీల మగకార్మికులకు కూడా ఆనాటికి ఆ హక్కు లేదు. దేశవ్యాప్తంగా యెనిమిది గంటలు అమలు కావడానికి మరో పదమూడేళ్లకు పైగా పట్టింది. అంటే యీ రోజు ఆ వరి అద్దం పక్కనే తీరుబడిగా పోతున్న విహారి అనుభవిస్తున్న తీరిక, అతని సెలవురోజు, అతని సాయంత్రం, యే గాలికో కొట్టుకు వచ్చినవి కావు. వాటిని సాధించినవాళ్లలో ముందువరుస ఆ బురదలోనే నిలబడి వుంది. తీరిక నేరమనే నీతివాది మాట నాకు నచ్చకపోవడానికి కారణమిదే. ఆ ఆడవాళ్లు కూలి పెంచమనడంతో ఆగిపోయి వుంటే అతని వాదం నిలిచేది. వాళ్లు కాలాన్ని అడిగారు. పనికి బయట మిగిలే, యెవరికీ లెక్క చెప్పనక్కరలేని కాలాన్ని అడిగారు. ఆ కాలంలో యేం చెయ్యదలచారో ప్రకటన ఇవ్వలేదు. ఇవ్వవలసిన అవసరం కూడా లేదు.

యీ తీరిక విలువ భూస్వాములకు బాగా తెలుసు. 1920–21 శీతకాలంలో ఫెరారా, పొలెజినే ప్రాంతాల్లో కూలిసంఘాల మీద ఫాసిస్టు ముఠాలు విరుచుకుపడ్డాయి. ఫెరారాలో ఇతాలో బాల్బో వాటి నాయకుడు. భూస్వాములు సొమ్మిచ్చారు, లారీలిచ్చారు. యీ కథలో వాహనాల తేడాను గమనించకుండా వుండలేం. కూలిసంఘం కార్యకర్త సైకిలు మీద పోయేవాడు. ముఠా లారీలో వచ్చేది. చదునునేల మీద దాక్కోవడానికి చోటుండదు. రాత్రి దూరాన లారీ దీపాలు కనిపిస్తే యే వూరికి వస్తున్నాయో తెలియక పల్లెలన్నీ మేలుకునేవి. పొలెజినేలోని ఫ్రాత్తా వూరివాడు జాకొమో మత్తెఓత్తి యీ కూలీల పక్షాన పార్లమెంటులో నిలబడి మాట్లాడాడు. 1924 జూన్ 10న అతన్ని యెత్తుకుపోయి చంపారు. ఆ మరుసటి యేడే ఫాసిస్టు సర్కారు 'దొపొలవోరొ' అనే సంస్థ పెట్టి కార్మికుడి పని తర్వాతి వేళకు విహారాలూ ఆటలూ తానే యేర్పాటు చేసింది. సంఘం పెట్టుకునే హక్కు లాక్కుని సైకిలు షికారు చేతికిచ్చింది. మనిషికి తీరిక ఇవ్వడమూ, మనిషి తీరికను తాను సాధించుకోవడమూ వొకటి కావని చెప్పడానికి ఇంతకన్నా పెద్ద సిద్ధాంతగ్రంథం అక్కర్లేదు. ఆ తర్వాత 1943–45లో అవే కరకట్టల మీద ఆడపిల్లలు కూరగాయల బుట్టల అడుగున వుత్తరాలూ మందుగుండూ పెట్టుకుని, షికారుకు పోతున్నట్టు ముఖం పెట్టి, జర్మన్ సైనికుల కాపలాలు దాటారు. ఆ రోజుల్లో తీరిక నటించడం కూడా వొక పోరాటపద్ధతి అయింది.

ఇక నిశ్శబ్దం సంగతి. యీ దారులు యెందుకు ఖాళీగా వున్నాయి? 1951 నవంబరు 14న పో కరకట్ట తెగి పొలెజినే మునిగింది. దాదాపు నూరుమంది చనిపోయారు. లక్షా యెనభై వేలమంది ఇల్లు విడవవలసి వచ్చింది. వెళ్లినవాళ్లలో చాలామంది తిరిగి రాలేదు. మిలాన్, తూరిన్ ఫ్యాక్టరీలు వాళ్లను మింగాయి. అదే కాలంలో పొలాల్లోకి ట్రాక్టర్లూ, కోతయంత్రాలూ వచ్చాయి. వరిపొలాల్లోకి కలుపుమందు వచ్చింది. 'మొందీనె' అన్న పేరు సినిమాల్లోకీ పాటల్లోకీ తరలిపోయింది. నలభైమంది వుండిన కమతపు ఇంట్లో వొక కుటుంబం మిగిలింది, తర్వాత అదీ లేదు. లారీలూ కార్లూ పెద్ద రహదారులకు పోయాయి. పాత పల్లెదారి, కాలువగట్టు దారి యెవరికీ పనికిరాకుండా మిగిలాయి. యెవరికీ పనికిరాని దారే విహారికి కావలసింది. కప్పు కూలిన ఇంటి ముందు అతను ఆగి, యెంత ప్రశాంతంగా వుందో అనుకుంటాడు. అతని ప్రశాంతత వొక వలసకు మిగిలిన శేషం.

ఇక్కడ ముందు చెప్పిన నీతివాది మళ్లీ తల యెత్తి, చూశావా, ఇది పరుల దుఃఖం మీద సుఖం, అనవచ్చు. నేను వొప్పుకోను. ఆ ఇళ్లు నిండుగా వున్నప్పుడు అక్కడ వున్నది సంక్రాంతి కాదు. మొక్కజొన్న గంజి తప్ప మరో తిండి లేక పెల్లగ్రా జబ్బుతో చర్మం పగిలి, మతి చెడి పోయిన జనం పంతొమ్మిదో శతాబ్దంలో ఆ మైదానమంతటా వున్నారు. దొడ్డి వేడికి పశువుల పక్కన చలికాలం గడిపిన కుటుంబాలు వున్నాయి. వాళ్లు వెళ్లిపోయారంటే తరిమితే వెళ్లారు, తప్పించుకుని కూడా వెళ్లారు. వాళ్ల మనుమలు ఆదివారం నాడు తూరిన్ నుంచి సైకిలు తెచ్చుకుని తాత కూలిచేసిన కాలువగట్టు మీద వూరికే తిరుగుతూ వుంటే, దాన్ని చూసి తాత సిగ్గుపడతాడని నేననుకోను. ఖాళీ పల్లెను చూసి కన్నీళ్లు పెట్టే కవిత్వం మన భాషలో కూడా దండిగా వుంది. అందులో సగం పల్లెలో యేనాడూ కలుపు తీయనివాళ్లు రాసింది.

కాబట్టి చదును వెనక శ్రమా, నిశ్శబ్దం వెనక వలసా వున్నంత మాత్రాన ఆ సుఖం పాపం కాదు. గడిచిన కాలపు అప్పును ఇవాళ సైకిలు తొక్కేవాడి నెత్తిన వెయ్యడం న్యాయం కాదు. నిజమైన చిక్కు మరోచోట వుంది. ఆ దారి ఖాళీ అని అతను అనుకుంటున్నాడే, అది నిజంగా ఖాళీయేనా?

కాదు. ఆ మైదానంలో పశువులు ఇప్పటికీ రోజుకు రెండుసార్లు పాలు పితకవలసి వుంది. పర్మజాన్ జున్నుకు పోయే ఆ పాలు పితికే పాకల్లో మన పంజాబీలు చాలామంది వున్నారు. రెజ్జో ఎమీలియా జిల్లాలోని నొవెల్లారాలో 2000లో పెద్ద గురుద్వారా తెరిచారంటే వాళ్లెంతమంది స్థిరపడ్డారో తెలుస్తుంది. అక్కడి పరిస్థితి కొంత మేలు. అది యేడాది పొడవునా వుండే పని, నైపుణ్యం కావలసిన పని. కాని ఇటలీలో చదునుగా ఆరబెట్టిన నేల పో మైదానం వొక్కటే కాదు. రోముకు దక్షిణాన వున్న పొంతీనో చిత్తడిని ముసొలీని సర్కారు 1930లలో ఆరబెట్టి, వెనెతో, ఫెరారా ప్రాంతాల పేద కుటుంబాలనే రైళ్లలో తెచ్చి అక్కడ దింపింది. 1932లో లిత్తోరియా అని పేరు పెట్టి కట్టిన పట్టణమే ఇప్పటి లతీనా. ఆ పొలాల్లోనూ ప్లాస్టిక్ పాకల్లోనూ ఇవాళ కూరగాయలూ పండ్లూ కోసేవాళ్లలో యెక్కువమంది పంజాబు నుంచి వచ్చినవాళ్లు. తెల్లవారకముందే వాళ్లు సైకిళ్ల మీద బయలుదేరుతారు. వాళ్లకూ విహారికీ కింద వున్నది వొకే యంత్రం, వొకే చదును. కాని వాళ్లకు కరకట్ట మీది సైకిలు దారి కాదు, లారీలు పోయే రోడ్డు అంచు దొరుకుతుంది. అక్కడ గుద్దుకుని చచ్చినవాళ్లు వున్నారు. ముఠామేస్త్రీ చేతిలో కూలి సగమవుతుంది. గంటలకు లెక్క వుండదు.

1948లో దె సీకా తీసిన 'సైకిలు దొంగలు' సినిమా 1952లో మన దేశపు మొదటి అంతర్జాతీయ చిత్రోత్సవంతో పాటు మద్రాసుకు కూడా వచ్చింది. దాన్ని మెచ్చుకోని తెలుగు విమర్శకుడు లేడు. అందులో సైకిలు వుంటేనే పని, పని వుంటేనే కూడు. దుప్పట్లు తాకట్టుపెట్టి సైకిలు విడిపించుకుంటారు. అది యుద్ధానంతర రోము కథ అని, ముగిసిన కథ అని మనం చదువుకున్నాం. పొంతీనోలో అది ముగియలేదు. పాత్రధారులు మారి, ఇప్పుడు మనవాళ్లు వచ్చారు.

వాళ్లు కూడా చేతులు ముడుచుకుని కూచోలేదు. 2016 యేప్రిల్ 18న లతీనా పట్టణం నడిబొడ్డున వేలమంది భారతీయ కూలీలు సమ్మె చేసి నిలబడ్డారు. కాంట్రాక్టు ప్రకారం కూలి ఇమ్మన్నారు, గంటలు రాయమన్నారు. నూట పదేళ్ల కింద వెర్చెల్లి ఆడవాళ్లు అడిగినదీ అదే గంటల సంగతి. అదే యేడు అక్టోబరులో మేస్త్రీల దోపిడీని శిక్షించే చట్టం, 199వ నంబరుది, వచ్చింది. చట్టం వచ్చింది గాని 2024 జూన్‌లో అదే లతీనా పొలాల్లో వొక పంజాబీ కూలీ చెయ్యి యంత్రంలో పడి తెగితే, అతన్ని ఆసుపత్రికి చేర్చకుండా అతని ఇంటి ముందు వదిలేసి పోయారు. రెండు రోజులకు అతను చనిపోయాడు. దేశమంతా కదిలింది, వూరేగింపులు జరిగాయి.

విహారికి దీనితో సంబంధమేమిటి? సైకిలు యాత్ర ఇప్పుడొక సరుకు. నిదానం అన్నది వొక గుర్తు పేరు. తీరిక పాకెట్లలో అమ్ముడవుతోంది. బస యిల్లు, జున్ను రుచి, ద్రాక్షసారా, సామాను మోసే వ్యాను అన్నీ కలిపి. ఆ పాకెట్టులో పొలం వుంటుంది గాని పొలంలో మనిషి వుండడు. వున్నా, టోపీ పెట్టుకున్న ముసలి రైతు బొమ్మగా వుంటాడు; తలపాగా పెట్టుకున్న పాలపితికేవాడుగా వుండడు. నా అభ్యంతరమంతా యీ తుడిచివేత మీదనే. సైకిలు మీద తీరుబడిగా పోయేవాడికి కారులో పోయేవాడికి లేని వొక సౌకర్యం వుంది: అతను ఆగగలడు, పలకరించగలడు, యెదుటివాడి ముఖం చూడగలడు. వున్న సౌకర్యాన్ని వాడుకోకపోవడానికి నిదానం అని పేరు పెట్టుకోవడం సబబు కాదు. అతను పలకరించినంత మాత్రాన యెవరి కూలీ వొక్క యూరో పెరగదని నాకు తెలుసు. దయ చూపించమని కూడా నేను అనడం లేదు. కూలీకి దయతో పని లేదు. అతనికి కావలసింది విహారికి వున్నటువంటి ఆదివారం. ఆ ఆదివారం కోసం అతను సమ్మె కట్టిన రోజున బజారు మూసుకుపోయి, బస యింట్లో కూరగాయలు రాక, విహారి ప్రయాణానికి కాస్త అంతరాయం కలిగిందనుకోండి. అప్పుడు విసుక్కుంటాడా, లేక తన తీరిక కూడా ఇట్లాంటి అంతరాయాల నుంచే పుట్టిందని గుర్తుపడతాడా? అతని సుఖం మంచి చెడ్డలు నాకు తేలేది అక్కడ. కరకట్ట మీద హాయిగా పోతున్నప్పుడు కాదు.

2023 మే నెలలో రోమాన్యా ప్రాంతంలో కుండపోతగా వానలు పడి నదులు గట్లు తెంచుకున్నాయి. నీరు రవెన్నా నగరం మీదికి వస్తోంది. నగరాన్ని కాపాడాలంటే కాలువగట్టు కోసి నీటిని పొలాల మీదికి మళ్లించాలి. ఆ పొలాలు వ్యవసాయ కూలీల సహకార సంఘానివి. 1883లో మొదలైన సంప్రదాయానికి వారసులమని చెప్పుకునే సంఘం అది. అధికారులు అడిగితే సంఘం సరేనంది. తాతముత్తాతలు చక్రంబండ్లతో తేల్చిన నేలను, నిలబడి వున్న పైరుతో సహా, వాళ్లు మళ్లీ నీళ్లకు అప్పగించారు. నగరం నిలిచింది. ఆ తర్వాత పంపులు పెట్టి నీళ్లు తోడటం మొదలుపెట్టారు.